ఐదో వాటా

పట్టపుపాళెం, మైపాడు పక్కన
జూన్ 27

మే భవానీ,

నేను బాగుండా. నువ్వు బాగుండావా అని అడిగేదేముందిలే, గవర్నమెంటోళ్ళు దినామూ గుడ్డు పెడతా ఉండారు గదా. ఫోన్లో మాట్లాడదామంటే ఆదివారం నీ వెనకాల లైను, ముందర వార్డెనమ్మ. "అన్నా బాగుండావా, అన్నా పెట్టేస్తుండా" అంతే. అందుకని రాస్తుండా. ఎనిమిదితో బడి ఇడిసిపెట్టినోడి రాత. నవ్వితే నవ్వుకో, మీ తెలుగు టీచరుకి మాత్రం చూపించబాక.

వేట నిషేధం అయిపోయింది. బోట్లు దిగినాయి. మొదటి రోజే కవళ్ళ చేపలు బాగా పడినాయి. ముత్యాలయ్య మామ వల లాగతా లాగతా పాట ఎత్తుకున్నాడు, చేపలు బెదిరిపోతాయని మాథ్యూ ఆయన నోరు మూసినాడు.

అసలు కత అది గాదు. బోట్లు గట్టునుండే రెండు నెలలకీ ఇచ్చే భృతి ఊళ్ళో అందరికీ పడింది. మన బోటుకి పళ్ళా. దానికి కారణం నేనే.

ఏప్రిల్ ఆఖర్లో, నువ్వు సెలవలకి రాకముందు, ఆఫీసోళ్ళు బోట్లు రాసుకునేదానికి వచ్చినారు. ఎవరి బోటు పక్కన వాళ్ళు నిలబడి పేర్లు చెప్పి ఏలిముద్ర వెయ్యాల. "నీది పెద్ద గొంతు, నువ్వు చెప్పురా" అని నాయన నన్ను ముందరికి తోసినాడు. నాకు బోటు పక్కన నిలబడి పేర్లు చెప్పడమంటే ఒకటే గదా తెలిసింది. వాటాలు పంచేటప్పుడు ఎట్టా పిలుస్తానో అట్టనే నాయన పేరుతో మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా పిలిచేసినా. గంగులయ్యా, ముత్యాలయ్యా, మాథ్యూ, పెంచలూ, చిన్నపోలయ్యా.

రాసుకునే సారు తల ఎత్తి చూసినాడు. "ఐదోవాడు ఏడీ?"

మాథ్యూ సముద్రం పక్క చూసినాడు. సారు కూడా అటు చూసినాడు, పాపం ఆయనకేం కనపడతాది?

"రాడు సార్" అన్నా.

"రానోడి పేరు ఎందుకు చెప్పినావు? లేనోడి మీద కూడా డబ్బులు తిందామనా? దొంగతనం కాదూ ఇది?"

నాయన నోట్లోంచి ఒక్క మాటే వచ్చింది. "మేం దొంగలం గాదు సార్." అంతే, తువ్వాలు భుజాన ఏసుకొని ఇంటికి వచ్చేసినాడు. మన బోటు పెండింగులో పడింది.

సెలవలంతా నువ్వు ఇంటికాడే ఉంటివి. రోజూ చెప్దామనుకోవడం, నీ మొగం చూసి మామిడికాయలకి పోవడం. సచివాలయంలో చేపల మేడం ప్రేమలీల ఉంది గదా, ఆమె మంచిగానే చెప్పింది: "పేరు పొరపాటున అబద్ధం చెప్పినాం అని ఒక కాగితం రాసియ్యండి, మిగిలిన నలుగురికీ వచ్చేస్తాది." నాయన వినడంలా. "నా తమ్ముడి పేరు అబద్ధమా?" అంటాడు.

ఏం చేద్దామో నువ్వే చెప్పు. చదువుకునేదానివి.

నీ అన్న
పెంచలు

*

గురుకుల పాఠశాల, వెంకటాచలం
జూలై 5

పెంచలన్నా,

నీ ఉత్తరం అందింది. మా టీచరుకి చూపించలేదులే, మా రూములో పిల్లలకి చదివి వినిపించినాను. ముత్యాలయ్య మామ పాట కాడ ఒకటే నవ్వులు. ఆయన పాట మళ్ళీ రాయి.

నువ్వు చేసింది తప్పు కాదు. రోజూ పిలిచే పేరు ఆ రోజు పిలవకుండా నీ నోరు ఎట్టా ఊరుకుంటుంది? మా నాయన సముద్రం మీద కనపడకుండా పోయి నాలుగేళ్ళు. ఒక్క రోజన్నా పెదనాయన ఆ వాటా ఆపినాడా? మా క్లాసులో ఏ పిల్లకీ ఇట్టాంటి ఊరు లేదు. నేను గర్వంగా చెప్పుకుంటాను, "మా నాయన లేకపోయినా మా ఇంటికి వాటా వస్తుంది" అని.

అందుకని అబద్ధం అని మాత్రం రాసియ్యబాకండి. పెదనాయన చెప్పిందే కరెక్టు.

కానీ రాసియ్యకపోతే ముత్యాలయ్య మామకీ మాథ్యూ అన్నకీ అన్యాయం గదా. నెల్లూర్లో కలెక్టరాఫీసు కాడ సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారంట. మా సోషల్ సారు చెప్పినారు, ఎవరైనా పోవచ్చంట. నీకు ఎట్టాగూ కాలు ఒక చోట నిలవదు. మెకానిక్కు షెడ్డంటివి, రొయ్యల గుంటలంటివి, మద్రాసంటివి. ఈసారి ఆ కాళ్ళని నెల్లూరుకి నడిపించు.

అమ్మ ఎట్టా ఉంది? ఆదివారం ఫోన్లో "బాగుండా" అని తప్ప ఇంకో మాట రాదు ఆమె నోట.

చెల్లెలు
గంగాభవాని

*

పట్టపుపాళెం
జూలై 15

భవానీ,

పోయినా. ముందు చెప్పేస్తుండా, పోయిన పని సగమే అయింది. మిగతా సగం చదివి నన్ను తిట్టుకోబాక. తిట్టుకున్నా పూర్తిగా చదివినాక తిట్టుకో.

తొలి బస్సుకే ఎక్కినా. మాథ్యూ పెళ్ళి చొక్కా ఏసుకొని పోయినా, చేతులు పొట్టయినాయి. ఆడ మన జిల్లాలో ఉండే కష్టాలన్నీ లైను కట్టినట్టుండాది. నా వంతు వచ్చేసరికి నాకే ఆకలికి కళ్ళు తిరగతా ఉండాయి. బల్లకాడ ఒక పెద్ద మేడం, పక్కన ఇద్దరు ముగ్గురు సార్లు.

మేడం కాగితం చదివి అడిగింది, "చనిపోయిన మనిషి పేరు ఎందుకు చెప్పారు బాబూ?"

మొన్న నీకు రాసేటప్పుడు ఒక మాట దాచిపెట్టినా. సచివాలయం గోడకి అంటించిన లిస్టులో మన బోటుకి ఎదురుగా ఉత్త పెండింగు అని లేదు. "మృతుని పేరు చెప్పినందున" అని ఉంది. అది చదివిన కాడి నుంచి నా బుర్రలో ఒకటే తిరగతా ఉండాది. చిన్నాయన కనపడకుండా పోయిన ఏడే చిన్నమ్మని తీసుకొని ముత్యాలయ్య మామ పింఛను కోసరం తిరిగినాడు, గుర్తుండాదా? అప్పుడేమన్నారు? "శవం దొరకలా, చనిపోయినట్టు సర్టిఫికెట్టు లేదు. కనపళ్ళేదు అంటే ఏడేళ్ళు ఆగాల" అన్నారు. అప్పుడు బతికుండాడంట. ఇప్పుడు చచ్చిపోయినాడంట.

అదే అడిగేసినా. "మేడం, మా చిన్నాయన బతికుండాడా, లేదా? బతికుంటే మా బోటోళ్ళ మాట నిజం. చచ్చిపోయుంటే మా చిన్నమ్మకి పింఛను రావాల్సిన మాట నిజం. రెండూ అబద్ధం ఎట్టా అవుతాది మేడం?"

నా గొంతు సంగతి నీకు తెలుసు గదా. వెనకాల ఒక ముసలాయన "అట్టా అడుగు అబ్బయా!" అన్నాడు.

మేడం కోప్పళ్ళా. పక్కనున్న సార్లని చూసి "అబ్బాయికి జవాబు చెప్పండి" అంది. వాళ్ళు ఫోన్లు చేసినారు, ఏదేదో చూసినారు. మళ్ళీ ఆమె నా పక్కకి తిరిగింది.

"ఏం చదివావు?"

"ఎనిమిది మేడం. తొమ్మిదిలో నిలబళ్ళా."

"సరే. నువ్వడిగింది న్యాయమే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఆయన చనిపోయాడని మీ ఇంట్లో వాళ్ళు ఎవరైనా ఈ నాలుగేళ్ళలో చెప్పారా? బోటులో ఉన్నవాళ్ళే పోలీసులకి 'కనపడలేదు' అని రాయించారు. కళ్ళారా చూసిన వాళ్ళు తాసిల్దారు ముందర చెబితే విచారణ చేయించి సర్టిఫికెట్టు ఇస్తారు. మీరే చెప్పకపోతే ప్రభుత్వం ఎట్లా చెబుతుంది?"

మన ఇంట్లో ఆ మాట ఎవురన్నారు ఎప్పుడన్నా?

ఇంటికొచ్చి నాయనకి చెప్పినా. చెంబెత్తి నీళ్ళు తాగతా ఉన్నోడు దించేసినాడు. "నా తమ్ముడు పోయినాడని నా నోటితో నేను చెప్పేది లేదు. భృతి లేకపోతే పాయె. నా బోటులో ఐదు మందిమి" అన్నాడు. ముత్యాలయ్య మామా, మాథ్యూ కూడా "పెద్దాయన ఎట్టంటే అట్ట" అన్నారు.

నాకైతే తాసిల్దారు ముందర చెప్పేస్తేనే మేలనిపిస్తుండాది. నీకు ఏమనిపిస్తే అది రాయి.

పెంచలు

*

వెంకటాచలం
జూలై 21

అన్నా,

పూర్తిగా చదివినాకే రాస్తున్నాను.

నేను నిన్ను నెల్లూరు పొమ్మన్నది బోటు కోసం. మా నాయన్ని చంపి రమ్మని కాదు.

నీకు ఒకటి తెలీదు. పదో తరగతి పిల్లల పేర్లు పంపించేటప్పుడు మా క్లాసు సారు "తండ్రి పేరు ముందర లేట్ అని పెట్టాలా అమ్మా?" అని అడిగినారు. "వద్దు సార్, వేటకి పోయినారు" అన్నాను. క్లాసంతా విన్నారు. ఎవ్వరూ నవ్వలేదు. సారు కూడా పెట్టలేదు. మాకేం తెలీని సారు పెట్టకుండా ఉన్నారు, సొంత పెదనాయన కొడుకువి నువ్వు పెట్టిస్తానంటున్నావు.

వేటకి పోయి దూరదేశంలో జైల్లో ఉండి తిరిగొచ్చిన వాళ్ళు లేరా? వాళ్ళ ఇళ్ళల్లో పింఛను తీసుకొని ఉంటే, వాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడితే ఏమని చెప్పేది?

నాకు ఇప్పుడిప్పుడే ఉత్తరం రాయబాక.

గంగాభవాని

*

పట్టపుపాళెం
ఆగస్టు 2

భవానీ,

రాయబాక అంటివి. ఇది ఉత్తరం గాదు, నిన్న చూసింది చెప్తుండా.

నిన్న ఒకటో తేదీ. గాలి ఎక్కువుందని బోట్లు దిగలా. పొద్దున్నే సచివాలయం వాళ్ళు పింఛన్లిచ్చేదానికి మన వీధిలోకి వచ్చినారు. అందరూ నీళ్ళు పోసుకొని, జుట్టు దువ్వుకొని వాకిట్లో కూర్చోనుండారు, పెళ్ళోళ్ళు వస్తున్నట్టు. మగ్దలీనమ్మ అవ్వ అయితే ఏలు అరిగిపోయి ముద్ర పళ్ళేదని, కొబ్బరినూనె రాసుకొని చెయ్యి పైకెత్తుకొని కూర్చోనుండాది. "నా పింఛను నా మొగుడి కంటే నయం, చెప్పిన రోజుకి వస్తాది" అంటే వీధంతా నవ్వులు.

ఆమెకిచ్చి, చిన్నమ్మ ఇల్లు దాటి, పక్కింటికి పోయినారు.

నేను చిన్నమ్మ కోసరం చూసినా. తలుపు చిలుకు పెట్టి ఉంది. అప్పుడు జ్ఞాపకమొచ్చింది. ఒకటో తేదీ ఎప్పుడూ ఆమె ఉండదు. చేపలున్నా లేకపోయినా ఎండుచేపల గంప ఎత్తుకొని వాళ్ళు వచ్చేలోపలే ఊరి మీదకి పోతాది. నాలుగేళ్ళుగా నేను దాన్ని యాపారం అనుకుంటి.

అంతే. ఇంకేం చెప్పను. నీకు తోచినప్పుడు రాయి.

పెంచలు

*

వెంకటాచలం
ఆగస్టు 12

అన్నా,

మొన్న రెండో ఆదివారం అమ్మ వచ్చింది. నెత్తళ్ళ వేపుడు తెచ్చింది. మా రూములో పిల్లలు గిన్నె కూడా నాకేసినారు, చేపలు తినని సుహాసిని కూడా.

అందరూ ఎవరి అమ్మల కాడికి వాళ్ళు పోయినాక వేపచెట్టు కింద కూర్చొని అడిగేసినాను. "అమ్మా, నాయన గురించి నువ్వు ఏమనుకుంటున్నావు?"

ఆమె నా తల దువ్వతా ఉంది. దువ్వెన ఆపలేదు. "ఇన్నేళ్ళకి అడిగినావా" అంది.

"చెప్పమ్మా."

"మీ పెదనాయన అడగలా. పెంచలు అడగలా. ఆ ఆఫీసోళ్ళూ అడగలా. అందరూ నా మొగుడి గురించి వాళ్ళల్లో వాళ్ళే తగువులాడుకుంటుండారు. మీ నాయన ఈతకి ఎట్టాంటోడో నాకు తెలుసు పాపా. బతికుంటే ఏ గట్టు నుంచైనా నడిచొచ్చేవాడు. ఆయన లేడు. అది నాకు ఆ రోజు సాయంకాలమే తెలుసు. మీరు ఒప్పుకునేదాకా ఊరికే ఉందామని ఉండా."

"మరి ఏడవలేదేమ్మా?"

"ఏడిస్తే మీ పెదనాయన ఆ వాటా ఎవరి పేరున పిలిపిస్తాడు?"

అన్నా, నేను అక్కడే ఏడ్చినాను. అమ్మ ఏడవలేదు. జడ వేసి, రిబ్బను గట్టిగా ముడేసి, "ఏడుపు అయిపోయినాక లెక్కలు చెయ్యి, పోయినసారి తక్కువొచ్చినాయంట గదా" అని బస్సెక్కింది.

నీకు రాయబాక అన్నందుకు తప్పయింది. నేను నాయన్ని కాపాడుతున్నాననుకున్నాను. అమ్మని తలుపు చిలుకు పెట్టుకునేటట్టు చేసినామని అనుకోలేదు.

పెదనాయనకి నేను చెప్పినానని చెప్పు. కాదు, అమ్మనే చెప్పమను. ఆమె మాట ఆమే చెప్పనీ.

భవాని

*

పట్టపుపాళెం
సెప్టెంబరు 6

భవానీ,

మీ అమ్మ చెప్పింది. ఎట్టా చెప్పిందనుకున్నావు? నాయన గట్టున కూర్చొని తాడు ముడులు ఇప్పుకుంటా ఉంటే పోయి ఎదురుగా నిలబడింది. ఎప్పుడూ నాయన ముందర నిలబడి మాట్లాడినామె గాదు గదా. "బావా, తాసిల్దారు కాడికి ఎప్పుడు పోదాం?" అంది. పోదామా అని అడగలా. ఎప్పుడు అనింది. నాయన తాడు పక్కన పెట్టి, "సోమవారం" అన్నాడు. అంతే మే! నేను నెల రోజులు పోట్లాడింది ఆమె ఒక మాటలో చేసేసింది.

అందరం పోయినాం. నాయన, ముత్యాలయ్య మామ, మాథ్యూ, చిన్నమ్మ, నేను. ప్రేమలీల మేడం కూడా వచ్చింది, ఆమె పని కాకపోయినా. మన ఊళ్ళో వాటాలు పంచేది చూసేదానికి పోయిన వారం గట్టుకి వచ్చింది లే. నేను పేర్లు పిలవడం, చిన్నపోలయ్యా అన్నాక నాయన కాసేపు ఆగడం, ఆ వాటా చిన్నమ్మ గంపలోకి పోవడం అంతా నిలబడి చూసింది. "వీళ్ళు అబద్ధం చెప్పలేదు సార్, రోజూ చెప్పేదే చెప్పినారు" అని తాసిల్దారుకి ఆమే వివరించింది.

తర్వాత నాయన్ని అడిగినారు, "ఆ రోజు ఏం జరిగింది పెద్దాయనా?"

నాయన ఎప్పుడూ చెప్పింది "అల తిప్పేసింది, లేచేసరికి వాడు కనపళ్ళేదు" అనే గదా. ఆ రోజు ఇంకో మాట చెప్పినాడు.

"వాడి చొక్కా పట్టుకున్నా సార్. గట్టిగానే పట్టుకున్నా. చొక్కా నా చేతిలో ఉండిపోయింది. వాడు కిందికి పోవడం చూసినా."

రాసుకునే ఆయన పెన్ను ఆపేసినాడు. ముత్యాలయ్య మామ, పాటలు పాడే మనిషి, గోడ పక్కకి తిరిగినాడు. అన్నేళ్ళు నాయన ఆ పేరు నాచేత పిలిపించింది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. ఇడిసిపెట్టిన చేత్తోనే రోజూ మళ్ళీ పట్టుకుంటా ఉండాడు.

చిన్నమ్మ లేచి నాయన కాడికి పోయింది. "నువ్వు ఇడవలా బావా. చొక్కా పాతది. నేనే కొత్తది కుట్టించమంటే కుట్టించుకోలా ఆయన" అంది. ఏడుస్తా ఏడుస్తా నాయన నవ్వినాడు. నాలుగేళ్ళ తర్వాత చిన్నాయన్ని తిట్టే మనిషి దొరికింది.

సర్టిఫికెట్టు వస్తాదంట, అది రాంగానే వచ్చే ఒకటో తేదీ నుంచి చిన్నమ్మకి పింఛనంట. మన బోటు పేరు మీద రాసింది కూడా కొట్టేస్తారంట. ఆ సారు, అదే దొంగతనం అన్న సారు, కనపడి "బాబూ, నాకు తెలీక అన్నాను" అన్నాడు. నాయన దండం పెట్టినాడు. నేను పెట్టలా. తర్వాత నాయన చూసిన చూపుకి నేనూ పెట్టినాలే.

పెంచలు

*

వెంకటాచలం
సెప్టెంబరు 15

అన్నా,

నీ ఉత్తరం రూములో ఎవరికీ చదివి వినిపించలేదు. చొక్కా గురించి నాకు ఒక్కదానికే కావాలి.

ఈరోజు నేనే సారు కాడికి పోయినాను. "సార్, మా నాయన పేరు ముందర ఆ మాట పెట్టండి" అన్నాను. ఆయన మార్చినారు. వృత్తి కాడ కూడా మార్చాలా అని అడిగితే, వద్దన్నాను. మత్స్యకారుడు అనే ఉంది. అది ఎవరూ కొట్టెయ్యలేరు గదా.

సాయంత్రం స్టడీ అవర్లో లెక్కలు చేసినాను. ఈసారి తక్కువ రావులే.

ఒకటో తేదీ ఏం జరుగుతుందో ప్రతి ముక్కా రాయి. ఏమీ దాచిపెట్టబాక ఈసారి.

భవాని

*

పట్టపుపాళెం
అక్టోబరు 3

మే భవానీ,

దాచిపెట్టేదేం లేదు. రాసేదానికి చేతులు చాలడంలా.

ఒకటో తేదీ చిన్నమ్మ వాకిలి ఊడ్చి, ముగ్గేసి, కూర్చొనుండాది. జుట్టు దువ్వుకొని, నువ్వు ఎంచిన ఆ నీలం చీర కట్టుకొని. మగ్దలీనమ్మ అవ్వ తన నూనె గిన్నె తెచ్చి "రాసుకోమ్మా, నీ ఏళ్ళు కూడా వల కుట్టి కుట్టి నాయట్టనే అయిపోయుంటాయి" అంది. ముద్ర ఒకసారి పళ్ళా, రెండోసారి పళ్ళా. మూడోసారి పడింది. ముత్యాలయ్య మామ పాటెత్తుకున్నాడు, ఈసారి ఎవురూ ఆయన నోరు మూయలా.

పింఛను చేతిలో పెట్టి సచివాలయం అబ్బాయి వెళ్ళిపోతా ఉంటే చిన్నమ్మ ఆపింది. "మళ్ళీ నెల ఈ ఇల్లు దాటి పోబాక నాయనా" అంది. "పోనమ్మా" అన్నాడు పాపం.

బోటుకి భృతి కూడా పడింది. నాయన దాని గురించి ఎవరికీ చెప్పుకోలా. సచివాలయం గోడ కాడికి పోయి, మన బోటు ఎదురుగా ఏమీ లేకుండా తెల్లగా ఉండేది చూసుకొని వచ్చినాడు. రెండుసార్లు పోయినాడు, నేను చూసినా.

ఇంక నిన్నటిది. వంజరాలు పడినాయి మే, ఎన్ని పడినాయో చెప్తే నమ్మవు. అమ్మకాలయినాక వాటాలు పంచేదానికి అందరం బోటు చుట్టూ చేరినాం. చిన్నమ్మ చినిగిన వల ఒళ్ళో పెట్టుకొని కుట్టతా ఉండాది. నేను పిలిచినా. గంగులయ్యా, ముత్యాలయ్యా, మాథ్యూ, పెంచలూ. ఐదోది నోటికాడికి వచ్చి ఆగింది. పింఛను వచ్చేసింది, సర్టిఫికెట్టు వచ్చేసింది. ఇంక పిలవాలా, పిలవకూడదా? నాయన పక్క చూసినా. నాయన నా పక్క చూడలా, ఇసక పక్క చూస్తా ఉండాడు. ఆయన చెయ్యి మాత్రం వాటా మీదే ఉండాది.

చిన్నమ్మ వల దించింది. లేచి నిలబడింది.

"పెంచలూ, ఇంక ఆయన పేరు పిలవబాక. ఆయన్ని పడుకోనీండి."

నాయన మొగం తెల్లబోయింది. "ఆ వాటా ఆగేది లేదమ్మా" అన్నాడు.

"ఆపమని నేనన్నానా బావా? నాలుగేళ్ళుగా ఈ బోటుకి వల కుడతా ఉండేది ఎవరు? ఐదో వాటా నాది. నా పేరున పిలవండి."

ఆడమనిషి పేరు బోటు కాడ ఎప్పుడన్నా పిలిచినామా మే మన ఊళ్ళో? మాథ్యూ నోరు తెరుచుకొని నిలబడినాడు. నాయన ఆమెని చూసినాడు, వల చూసినాడు, కండువా తీసి మొగం తుడుచుకున్నాడు.

"పిలవరా" అన్నాడు నాతో. "గట్టిగా పిలువు. నీది పెద్ద గొంతు గదా."

పిలిచినా. "చెంచమ్మా!"

నాలుగేళ్ళుగా ఆ ఐదో పేరుకి ఎవురూ పలకలా గదా. నిన్న పలికింది. "ఆఁ!" అనింది చూడు, పక్క బోట్లోళ్ళంతా తిరిగి చూసినారు. నాది పెద్ద గొంతు అంటారా, నాది ఏపాటిది. నీకు వెంకటాచలంలో వినపడలేదంటే నువ్వు ఆ టయానికి నిద్రపోతా ఉండాల.

నీ అన్న
పెంచలు